బాలనెరుపుకు గుంటగలగర తైలం మేలా, గోరింటాకు మేలా?

పర్లాకిమిడిలో, పాతికేళ్లు నిండకుండానే పిల్లల తల నెరుస్తోందని బెంగపడే తల్లులు నన్ను పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది. 22 ఏళ్ల మా మేనకోడలి పాపిట పక్కన తెల్లవెంట్రుకలు కనిపించినప్పుడు మా ఇంట్లోనూ ఇదే చర్చ జరిగింది.

వానలు పడితే మహేంద్రతనయ ఒడ్డున, చేలగట్ల మీద గుంటగలగర దొరుకుతుంది. దాని పసరును నువ్వులనూనెలో పోసి, తేమ ఇగిరేదాకా కాచిన తైలం తలకు చలువ చేస్తుందనీ, కుదుళ్లకు బలమనీ పెద్దల నమ్మకం. మాడు పొడిబారకుండా అది కాపాడుతుందన్నది నా అనుభవం కూడా. అయితే రంగునిచ్చే మెలనిన్ వెంట్రుక కుదురులోని కణాల్లో తయారవుతుంది గాని, చర్మం దాటి బయటికి వచ్చిన భాగంలో కాదు. కాబట్టి నెరిసిన వెంట్రుకను పైన రాసిన నూనె తిరిగి నల్లగా మార్చలేదు. ఉసిరి, కరివేపాకు నూనెలకూ ఈ మాటే వర్తిస్తుంది.

ఇక్కడి ఒడియావారు మంజుఆతి అనే గోరింటాకు పనితీరు వేరు. అందులోని లాసోన్ అనే రంగుపదార్థం వెంట్రుకలోని కెరటిన్ అనే మాంసకృత్తిని పట్టుకుంటుంది. ఒక్క గోరింటాకే పెడితే తెల్లవెంట్రుక ఎర్రబడుతుంది. నలుపు కావాలంటే దాన్ని కడిగేశాక, నీలి ఆకు పొడిని గోరువెచ్చని నీళ్లలో కలిపి, పావుగంట ఆగి, ఆలస్యం చేయకుండా పట్టించాలి. మొదట పచ్చగా, నీలంగా కనిపించినా గాలి తగిలి ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. ఓపిక కావలసిన పనే అయినా, కంటికి కనిపించే ఫలితం దీనిదే కనుక నా మొగ్గు ఇటే.

జాగ్రత్తలు మాత్రం తప్పవు. "నల్ల గోరింటాకు" పేరుతో అమ్మే పొట్లాల్లో పారాఫినిలిన్ డయామిన్ అనే రసాయన రంగు కలిసి ఉండవచ్చు. అది పడనివారికి మాడు బొబ్బలెక్కుతుంది. తరతరాలుగా మలేరియా పీడించిన మన కొండప్రాంతాల్లో, ఎర్రరక్తకణాలను కాపాడే ఎంజైము తక్కువగా ఉండే జీ6పీడీ లోపం ఉన్న కుటుంబాలున్నాయి. ఆ లోపం ఉన్నవారిలో, ముఖ్యంగా పసిపిల్లల్లో, గోరింటాకు ఎర్రరక్తకణాలను చిట్లించగలదు కనుక వారు దాని జోలికి పోకూడదు.

అయితే తైలమా, గోరింటాకా అన్నదానికంటే ముందు తేల్చుకోవలసింది నెరుపుకు కారణం. వంశంలో ఉన్నదైతే ఆపడం కష్టం. విటమిన్ బి12 లోపమో, థైరాయిడ్ మందగించడమో కారణమైతే రక్తపరీక్షలో బయటపడుతుంది. బి12 లోపాన్ని సరిచేసినప్పుడు కొందరిలో రంగు తిరిగి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. శాకాహారం తింటూ పాలు, పెరుగు కూడా తక్కువగా తీసుకునే ఇళ్లలో ఈ పరీక్షను వాయిదా వేయవద్దని నేను గట్టిగా చెబుతాను.

మా మేనకోడలికి బి12 తక్కువని తేలింది. ఇప్పుడు వైద్యుడు రాసిన మాత్రలు వాడుతోంది. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కనుక, ఆరు వారాలకోసారి కుదుళ్ల దగ్గర మాత్రమే గోరింటాకు, ఆపైన నీలి పెట్టుకుంటోంది. ఆదివారాలు మా అమ్మ చేత గుంటగలగర తైలం రాయించుకోవడమూ మానలేదు.