నలుగురికీ ఒకే బైనాక్యులర్: రెండు శరత్తుల వాడకం తర్వాత

దసరా నాడు పాలపిట్టను చూడాలన్నది మా ఇళ్లలో తరతరాలుగా వస్తున్న ఆచారం. మా తాతల కాలంలో జమ్మిపూజ అయ్యాక మగవాళ్లూ పిల్లలూ ఊరి పొలిమేర దాటి చేలల్లోకి నడిచి, ఏ తుమ్మకొమ్మ మీదనో ఆ పక్షి కంటబడే దాకా వెనుదిరిగేవారు కాదట. నగరంలో ఆ నడక పోయి, పంజరంలో పెట్టి తెచ్చిన పాలపిట్టను డబ్బులిచ్చి చూసే అలవాటు వచ్చింది. ఎగరకుండా రెక్కలు కత్తిరించిన, కాళ్లకు దారం కట్టిన పక్షిని చూసి దండం పెట్టుకోవడం నాకు ఎన్నడూ మనసొప్పలేదు. తెలంగాణ రాష్ట్ర పక్షి అయిన పాలపిట్టను పట్టి బంధించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కూడా. అందుకని నేనూ నా ముగ్గురు మిత్రులూ పండుగకు ముందు తలా 3,000 రూపాయలు వేసుకుని 12,000 రూపాయలకు ఒక 8×42 బైనాక్యులర్ కొన్నాం. రెండు శరత్తులు దానితో తిరిగాక ఈ సమీక్ష రాస్తున్నాను. ఒకే సాధనం నలుగురి చేతుల్లో ఎలా నడిచిందన్నదే ఇక్కడ ముఖ్యం కనుక కంపెనీ పేరు జోలికి వెళ్లడం లేదు.

ముందుగా అంకెల సంగతి. 8 అంటే వస్తువును ఎనిమిది రెట్లు దగ్గర చేసి చూపుతుందని, 42 అంటే ముందు కటకం వ్యాసం 42 మిల్లీమీటర్లని అర్థం. రెండో అంకెను మొదటి దానితో భాగిస్తే 5.25 వస్తుంది, కంటి దగ్గర వెలువడే వెలుగు వలయం వ్యాసం అన్ని మిల్లీమీటర్లు. మసక వెలుతురులో కంటిపాప విప్పారినప్పుడు ఈ వలయం ఎంత పెద్దదైతే దృశ్యం అంత తేటగా ఉంటుంది. మాలో ఒకరి దగ్గర అంతకుముందే 10×42 ఉండేది. దాని వలయం 4.2 మిల్లీమీటర్లే. మధ్యాహ్నపు ఎండలో రెంటికీ తేడా తెలియలేదు గానీ, హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్ చెరువు గట్టు మీద పొద్దు వాలాక, నీటి మీది బాతుల్లో సూదితోక బాతు ఏదో తేల్చుకోవలసి వచ్చినప్పుడు మా ఎనిమిది రెట్ల బైనాక్యులరే పైచేయి అయింది. ఆ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. అక్టోబరు నుంచి వలస బాతులు దిగుతాయి కనుక పరీక్షకు అంతకంటే తగిన చోటు మాకు దొరకలేదు.

పది రెట్లు ఎనిమిది కంటే మేలు కదా అని కొత్తగా కొనేవారు అనుకోవడం సహజం. కానీ పది రెట్లు పెద్దదయ్యేది పక్షి ఒక్కటే కాదు, చేతి వణుకు కూడా. పైగా కనిపించే మేర తగ్గుతుంది. మా బైనాక్యులర్‌లో 1,000 మీటర్ల దూరాన 129 మీటర్ల వెడల్పు కనిపిస్తే, మిత్రుడి పది రెట్ల దానిలో 105 మీటర్లే కనిపిస్తుంది. తీగ మీద కూర్చున్న పక్షికి ఇది లెక్క కాదు. తీగ మీది నుంచి మిడత కోసం కంది చేనులోకి ఒక్కసారిగా దూకే పాలపిట్టను వెంటాడాలంటే మాత్రం ఆ 24 మీటర్లే దాన్ని చూడటానికీ పోగొట్టుకోవడానికీ నడుమ తేడా.

ఆ దూకుడే చూడవలసిన దృశ్యం. కూర్చున్నప్పుడు గోధుమ రంగు ఎదతో ముభావంగా ఉండే ఆ పక్షి రెక్క విప్పగానే ముదురు నీలమూ లేత నీలమూ పట్టీలు పట్టీలుగా విచ్చుకుంటాయి. ఆ నీలం రంగుద్రవ్యం వల్ల వచ్చినది కాదు. ఈకల్లోని అతి సూక్ష్మమైన నిర్మాణం వెలుగును వెదజల్లే తీరు వల్ల కలిగినది. కటకాలకు పూత సరిగా లేని చవక బైనాక్యులర్‌లో ఈ నీలం వెలిసిపోయినట్లు కనిపిస్తుంది. మా దానిలో కటకాలన్నిటికీ అనేక పొరల పూత ఉంది. మొదటి దసరా ఉదయం వికారాబాద్ దగ్గరి చేలల్లో, పత్తి పగిలి తెల్లబడుతున్న వేళ, ఆ రెక్క విప్పడం చూసినప్పుడు మా నలుగురిలో ఎవరికీ కాసేపు మాట రాలేదు. ఇందులో లోపమూ ఉంది: ప్రకాశవంతమైన ఆకాశం ముందు కొంగను చూస్తే రెక్క అంచున ఊదారంగు గీత కనబడుతుంది. ఈ ధరలో అది లేకుండా కావాలనడం అత్యాశే.

ఇక చేతులు మారే విషయం. ఇదే మాకు అసలు పరీక్ష, ఇక్కడే దీనికి సగం మార్కులు పోయాయి. ఒకరి కళ్ల మధ్య దూరానికి కుదిర్చిన మడత మరొకరికి సరిపోదు. అది రెండు క్షణాల పని. కుడి కంటికి విడిగా సరిచేసే రింగు మాత్రం వదులుగా ఉండి, చెయ్యి తగిలినా సంచిలో రుద్దుకున్నా జరిగిపోతుంది. మొదటి నెల ప్రతి పక్షికీ ముందు ఆ రింగుతోనే మా పెనుగులాట. చివరకు నలుగురి చూపుకూ నాలుగు రంగుల చుక్కలు దాని మీద పెట్టుకుని గట్టెక్కాం. కొనేటప్పుడు ఈ రింగుకు తాళం లాంటి ఏర్పాటు ఉన్నదే చూసుకోండి, వెయ్యి ఎక్కువైనా ఫరవాలేదు. కళ్లజోడు ఉన్న మిత్రుడికి కంటి తొడుగులు లోపలికి తిప్పేస్తే దృశ్యం మొత్తం కనబడింది. అందుకు మార్కులు వేయాలి. ఆరు నెలలకు ఒక తొడుగు రబ్బరు ఊడిపోగా, బాగుచేయించడానికి అయిదు వారాలు పట్టింది.

దగ్గరి వస్తువులకు దీని పనితనం నేను ఊహించనిది. రెండు మీటర్ల దాకా ఫోకస్ అవుతుంది కనుక పక్షులు లేని మధ్యాహ్నాల్లో తంగేడు పూల చుట్టూ తిరిగే పసుపు సీతాకోకచిలుకలను, గునుగు కంకుల మీది తూనీగలను చూస్తూ కూర్చున్నాం. ఒకరు చూస్తుంటే మిగిలిన ముగ్గురికి పని సీతాఫలాలే. ఆ చేతులతోనే బైనాక్యులర్ అందుకోకూడదన్న నియమం కూడా అక్కడే పుట్టింది. తెల్లవారుజామున మంచులో లోపలి కటకాలకు తడి పట్టకుండా గొట్టాల్లో నైట్రోజన్ నింపారు, అది బాగానే పనిచేస్తోంది; మన ఊపిరి తగిలి బయటి అద్దం మసకబారితే మెత్తని బట్టతో తుడుచుకోవలసిందే. 650 గ్రాముల బరువుకు కంపెనీ మెడపట్టీ నొప్పి పెడుతుంది, భుజాల మీదుగా వేసుకునే పట్టీ విడిగా కొనుక్కోండి.

రెండో దసరా నాడు అదే చేలల దగ్గర ఒక పెద్దాయన మమ్మల్ని ఆపి, "ఏం దేవులాడుతున్నరు సారూ?" అని అడిగాడు. పాలపిట్ట కోసమంటే, "గా బోరు కాడ తీగ మీద రోజూ కూసుంటది" అని చెయ్యెత్తి చూపించాడు. బైనాక్యులర్ ఆయన చేతికిచ్చి మడత కుదిర్చాను. రంగు చుక్కల్లో ఏదీ ఆయనకు సరిపోలేదు. రింగు తానే నెమ్మదిగా తిప్పుకుని, పక్షి ఎగిరి కంది చేను అవతలికి దిగేదాకా కళ్లు తీయలేదు. "ఇన్నేండ్ల సంది చూస్తున్న గని, దీని కంటి చుట్టు ఉన్న రంగు ఇయ్యాలనే చూసిన" అన్నాడు. మాకు ఇంకా చూడటం కాలేదు. మా వంతు కోసం నలుగురం వరసలో నిలబడ్డాం.