హెల్సింకీ చీకట్లో పదివేల లక్స్ దీపం: రెండు శీతాకాలాలు వాడాక

డిసెంబరు మూడో వారంలో హెల్సింకీలో సూర్యుడు ఉదయం తొమ్మిదింపావు దాటాక ఉదయించి, మధ్యాహ్నం మూడుంపావుకల్లా అస్తమిస్తాడు. ఆ కాస్త పగలు కూడా చాలా రోజులు మబ్బుతోనే గడిచిపోతుంది. గోదావరి ఒడ్డున పుట్టి, ఎండాకాలం సెలవుల్లో మేడమీద వడియాలకు కాపలా కూర్చున్న నాకు ఎండ కొనుక్కోవలసిన వస్తువని ఎన్నడూ తోచలేదు. ఇక్కడ గడిపిన మొదటి చలికాలంలో పది గంటలు పడుకున్నా లేవబుద్ధి కాలేదు, సాయంత్రమయ్యేసరికి అన్నం మీద, తీపి మీద తప్ప మరి దేని మీదా మనసు పోలేదు, చివరికి అమ్మ ఫోన్ చేసినా ఎత్తాలనిపించలేదు. వైద్యురాలిని కలిస్తే, రక్తహీనత, థైరాయిడ్ వంటివి కారణం కాదని పరీక్షలతో నిర్ధారించుకున్నాక, వెలుగు చికిత్సకు వాడే దీపం ఒకటి కొనుక్కోమన్నారు. అలా కొన్న దీపం గురించే ఈ సమీక్ష.

నేను కొన్నది బడిపలకంత ఉన్న ఎల్ఈడీ దీపం. ధర 90 యూరోలు. ముందు పాలగాజు లాంటి తెర, వెనక మడిచే కాలు, పక్కన ఒక మీట, అంతే. వెలుగు మిణుకు లేకుండా తెల్లగా, సమంగా పరుచుకుంటుంది, గంటసేపు వెలిగినా తెర గోరువెచ్చగానే ఉంటుంది, అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే ఏర్పాటు ఉంది. ఇంతవరకు ఫిర్యాదు లేదు. అసలు ఫిర్యాదు పెట్టె మీది అంకెతోనే మొదలవుతుంది. పెట్టె మీద ‘10,000 లక్స్’ (లక్స్ అంటే ఒక చోట పడే వెలుగుకు కొలత) అని వేలెడంత అక్షరాలు ఉంటాయి. ఆ వెలుగు 20 సెంటీమీటర్ల దూరంలో మాత్రమే అందుతుందన్న సంగతి లోపలి కాగితంలో, కళ్లు చికిలిస్తే గాని కనబడనంత చిన్నగా ఉంటుంది. ఇరవై సెంటీమీటర్లంటే జానెడు. నేను మొదటి పది రోజులూ దీపాన్ని మూరెడు దూరంలో పెట్టుకుని, ఇడ్లీ తింటూ వార్తలు చదువుకుంటూ, ఏ మార్పూ లేదేమిటని బెంగపడ్డాను. తర్వాత ఆఫీసులో ఒకరి దగ్గర లక్స్ మీటరు తెచ్చి కొలిస్తే జానెడు దూరంలో 9,800, మూరెడు దూరంలో 2,400 వచ్చింది. మా వంటింటి ట్యూబులైటు కింద 200 దాటలేదు. మన ఊళ్లో మిట్టమధ్యాహ్నపు ఎండ దాదాపు లక్ష లక్స్ ఉంటుందని గుర్తొస్తే, ఇక్కడ మనిషి శరీరం దేనికి మొహం వాచి ఉంటుందో అర్థమవుతుంది.

జానెడుకూ మూరెడుకూ మధ్య ఈ తేడా చిన్నది కాదు. మామూలు గది వెలుగు చాలదని, 2,500 లక్స్ వెలుగు మాత్రం మనిషిలో రాత్రిపూట మెలటోనిన్ అనే నిద్ర హార్మోను తయారీని అణచివేయగలదని 1980లో అమెరికాలో ఆల్ఫ్రెడ్ లూయీ బృందం చూపింది. ఆ తర్వాత 1984లో నార్మన్ రోసెంథాల్, ఆయన సహచరులు శీతాకాలంలో వచ్చే ఈ కుంగుబాటును ఒక ప్రత్యేక రుగ్మతగా వర్ణించి, వెలుగుతో చికిత్సను ప్రయత్నించారు. తొలినాళ్ల దీపాలు 2,500 లక్స్‌వి కావడం వల్ల రోజుకు రెండు గంటలకు పైగా కూర్చోవలసి వచ్చేది. 10,000 లక్స్ దీపాలు వచ్చాక అది అరగంటకు తగ్గింది. అంటే నేను మూరెడు దూరంలో అరగంట కూర్చుని, అవసరమైన దానిలో నాలుగో వంతు మోతాదు తీసుకుంటూ వచ్చానన్నమాట. దూరం గురించిన ఒక్క వాక్యం పెట్టె మీద స్పష్టంగా ఉండి ఉంటే నాకు పది రోజులు మిగిలేవి.

వెలుగు లోపల ఏం చేస్తుందో తెలిస్తే దీపాన్ని ఎప్పుడు వెలిగించాలో కూడా తెలుస్తుంది. కంటి రెటీనాలో, ప్రధానంగా చూపు కోసం కాక వెలుగును లెక్కపెట్టడం కోసం ఉన్న కణాలు కొన్ని ఉన్నాయి. మెలనాప్సిన్ అనే పదార్థం సాయంతో నీలి వెలుగుకు ఎక్కువగా స్పందించే ఆ కణాలు, మెదడులోని హైపోథాలమస్ అనే భాగంలో ఉన్న మన లోగడియారానికి ‘తెల్లవారింది’ అని కబురు పంపుతాయి. రాత్రిపూట మెదడులోని పీనియల్ గ్రంథి, మన మనఃస్థితితో ముడిపడ్డ సెరొటోనిన్ అనే రసాయనం నుంచే మెలటోనిన్‌ను తయారు చేస్తుంది. ఆ తయారీ ఎప్పుడు మొదలవాలో, ఎప్పుడు ఆగాలో చెప్పేది ఆ గడియారమే. మనల్ని మెలకువగా ఉంచే ఒరెక్సిన్, హిస్టమిన్, నోరడ్రినలిన్ కూడా దాని ప్రభావానికి లోబడే పనిచేస్తాయి. చీకటి ఉదయాల్లో ఆ కబురు అందక, అలారం ఏడింటికి మోగినా నా మెదడులో రాత్రి ఇంకా ముగిసేది కాదు. అందుకే ఈ దీపాన్ని లేచిన వెంటనే, ఉదయమే వాడాలి. ఒక వారం తీరిక లేక రాత్రి ఎనిమిదింటికి వెలిగించి, రెండు దాకా కన్ను మూతపడక పక్క మీద దొర్లాను.

కాఫీ ఈ పని చేయదని కూడా ఇక్కడే చెప్పాలి. కణాలు తమకు శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని ఖర్చు చేస్తున్న కొద్దీ పోగుపడే అడినోసిన్ అనే రసాయనం మనకు నిద్రను తెస్తుంది. కాఫీలోని కెఫీన్ ఆ అడినోసిన్ కూర్చోవలసిన చోటును ఆక్రమిస్తుందే తప్ప గడియారాన్ని ఉదయం వైపు సరిదిద్దదు. (ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి గుర్తించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్న సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.) మొదటి చలికాలంలో రోజుకు ఐదు కప్పులు తాగినా నాకు మెలకువ వచ్చింది గాని హుషారు రాలేదు.

పెట్టె మీద ‘సెరొటోనిన్‌ను పెంచుతుంది’ అన్న మాట కూడా ఉంది. దాన్ని నేను ఒప్పుకోలేను. 2002లో ఆస్ట్రేలియాలో 101 మంది ఆరోగ్యవంతులైన పురుషుల మెడ సిరల నుంచి రక్తం తీసి పరీక్షించినప్పుడు, మెదడులో సెరొటోనిన్ వినియోగం శీతాకాలంలో అతి తక్కువగా ఉందని, ఎండ ఎక్కువ కాసిన రోజుల్లో పెరిగిందని తేలిన మాట నిజం. అయితే అది ఆరుబయటి ఎండ గురించిన ఆధారం; బల్ల మీది పలక నా మెదడులో ఎంత సెరొటోనిన్ పెంచిందో కొలిచినవాళ్లు లేరు. అంతకంటే గట్టి ఆధారం వేరే ఉంది. 2006లో కెనడాలో ఈ శీతాకాలపు కుంగుబాటు ఉన్న 96 మంది రోగులపై ఎనిమిది వారాల పాటు జరిపిన పరీక్షలో పదివేల లక్స్ దీపం, కుంగుబాటుకు ఇచ్చే ఫ్లూయాక్సెటిన్ మాత్ర సమానంగా, రెండు వర్గాల్లోనూ 67 శాతం మందికి మేలు చేశాయి. తయారీదారు ఆ మాట రాసుకుంటే సరిపోయేది.

నా విషయంలో, జానెడు దూరానికి మారి, ఉదయం ఏడింటికి అరగంట చొప్పున వాడటం మొదలుపెట్టిన తొమ్మిదో రోజున అలారం కంటే ముందే మెలకువ వచ్చింది. మూడో వారానికి సాయంత్రం తీపి కోసం అల్మరా తెరవడం తగ్గింది. ఒక ఆదివారం నేనే అమ్మకు ఫోన్ చేసి, గంటసేపు మాట్లాడాక గాని ఆ సంగతి గమనించలేదు. దీపాన్నే తేరిపార చూడనక్కర లేదు. కాస్త పక్కగా పెట్టి, కళ్లు తెరిచి చదువుకుంటే చాలు. మొదటి రెండు రోజులు కొద్దిగా తలనొప్పి వచ్చి పోయింది.

లోపాలు ఇంకా ఉన్నాయి. కాలు పలచని ప్లాస్టిక్‌ది కావడం వల్ల నున్నటి బల్ల మీద జారుతుంది, వెలుగును తగ్గించే వీలు లేదు, తీగ పొట్టిది. ఇదే ధరకు దీనికి రెట్టింపు వెడల్పున్న దీపం దొరికితే దాన్నే కొనమంటాను, ఎందుకంటే తెర పెద్దదైతే మూరెడు దూరంలోనూ తగినంత వెలుగు అందుతుంది. కుంగుబాటు, ఉన్మాదం మార్చి మార్చి వచ్చే బైపోలార్ సమస్య ఉన్నవాళ్లకు ఈ వెలుగు ఉన్మాద స్థితిని రేపే ప్రమాదం ఉంది. వాళ్లు, రెటీనా జబ్బులున్నవాళ్లు, వెలుగుకు చర్మాన్ని సున్నితం చేసే మందులు వాడేవాళ్లు వైద్యుణ్ణి అడగకుండా దీన్ని కొనవద్దని గట్టిగా కోరుతున్నాను. ఐదుకు మూడున్నర ఇస్తాను. తగ్గించిన ఒకటిన్నరలో ఒకటి ఆ చిన్న అక్షరాలకే.

రెండో ఏడు బెంగ మొదలయ్యేదాకా ఆగకుండా అక్టోబరు మొదటి వారంలోనే దీపాన్ని వంటింటి బల్ల మీదికి తెచ్చాను. కాలు జారకుండా కింద తడిగుడ్డ పరిచి, కుర్చీ ఎక్కడ వేయాలో నేల మీద సుద్దముక్కతో గీత గీసుకున్నాను.