కౌలాలంపూర్ చిరుతిళ్ళు: మన తిరుపతోళ్ళ నోటికి ఏవి పట్టినాయి, ఏవి పట్టలా

2023 డిసెంబర్ నుంచి మనోళ్ళకు మలేషియాలో 30 రోజుల దాకా వీసా అక్కర్లేదు కదా, అప్పట్నుంచి మా వీధిలో కూడా పోయొచ్చేవాళ్ళు ఎక్కువైనారు. పోయే ప్లాన్ ఉంటే ముందే చెప్తున్నా, ఆడికి పోయి మురుకులు వడలు కొనుక్కోకండి. బ్రిక్‌ఫీల్డ్స్ అని కేఎల్ సెంట్రల్ స్టేషన్ పక్కనే లిటిల్ ఇండియా ఉంది, అన్నీ దొరుకుతాయి, రబ్బరు తోటల కాలంలో పోయిన తమిళోళ్ళు తెలుగోళ్ళు ఉన్నారు కాబట్టి రుచి కూడా బానే ఉంటుంది. కానీ ఆడి డబ్బు ఒక రింగిట్ అంటే మనకు 20 రూపాయల పైమాటే, అంత పెట్టి ఇంట్లో డబ్బాలో ఉండే మురుకులు తినడానికా చెన్నై దాకా బస్సెక్కి, ఆడినుంచి నాలుగ్గంటలు ఫ్లైట్‌లో కూర్చునింది?

మన నోటికి దగ్గరగా ఉండేది మలయ్ వాళ్ళు చేసే కుయ్ అనే చిన్న చిన్న పిండివంటలే. రోడ్డు పక్కన బల్ల మీద ట్రేలు పరిచి అమ్ముతుంటారు, రంగురంగులుగా ఉంటాయి, చూస్తే ఇదేందో రబ్బరు ముక్క మాదిరి ఉందే అనిపిస్తుంది, భయపడొద్దు. వాటిలో ఫస్ట్ మార్కు ఒండే ఒండేకి. ఆకుపచ్చ ఉండ, పైన పచ్చి టెంకాయ తురుము. జిగురు బియ్యప్పిండిలో పాండన్ ఆకు రసం కలిపి, నడిమధ్యలో గులా మెలాకా అనే బెల్లం ముక్క పెట్టి ఉండ చుట్టి మరిగే నీళ్ళల్లో వేస్తారు, పైకి తేలితే ఉడికినట్టు. ఈలోపు లోపలుండే బెల్లం కరిగి పాకమైపోతుంది. సగం కొరికినామంటే అది చొక్కా మీదికి చిమ్ముతుంది, కాబట్టి మొత్తం నోట్లో వేసుకోని, పెదాలు మూసుకోని అప్పుడు కొరకాల. మా అత్తమ్మ శుద్ధ శాకాహారి, ఆ ట్రే దగ్గర ముందు ముక్కు మూసుకునింది, ఒకటి నోట్లో పడినాక "ఏమే, ఇది మన కుడుమే గదా, రంగేసినారంతే" అని ఇంకో పొట్లం కట్టించింది. ఆ పాండన్ మన మొగలి జాతిదే, కానీ వాసన మాత్రం బాస్మతి అన్నం ఉడికేటప్పుడు వస్తుందే, అచ్చం అది. రెండిట్లో ఉండే వాసన పదార్థం ఒకటేనంట.

పుతు మాయం అంటే మన ఇడియాప్పమే, టెంకాయ తురుము, బెల్లప్పొడితో పెడతారు, పొద్దున టిఫినుకు హాయి. పిసాంగ్ గోరెంగ్ అంటే పండు అరిటిపండు బజ్జీ, పచ్చి అరటికాయ బజ్జీ తిని పెరిగినోళ్ళకు ఇంత తియ్యగా ఏందబ్బా అనిపిస్తుంది, వేడిగా ఉంటేనే తినాల, చల్లారితే నూనె తప్ప ఏం మిగలదు.

ఇంగ ఆపమ్ బాలిక్ గురించి చెప్పకపోతే పాపం. రాత్రి సంతలో ఒకాయన గుండ్రటి పెనంలో పిండి పోసి, పెనాన్ని చేత్తో తిప్పుతా అంచుల దాకా పల్చగా పాకించి, పైన దంచిన చెనిక్కాయ పప్పులు, చక్కెర, మొక్కజొన్న, ఒక గడ్డ మార్జరిన్ వేసి సగానికి మడిచి ఇచ్చినాడు. అంచు అప్పడం లాగా విరుగుతుంది, మధ్యలో మెత్తగా. మా ఆయన ఒక్కడే రెండు లాగించినాడు. కానీ పిండిలో కోడిగుడ్డు ఉంటుంది, అత్తమ్మకు ఇవ్వలా.

శాకాహారులకు అసలు తలనొప్పి ఇక్కడే. హలాల్ బోర్డుకీ వెజ్‌కీ సంబంధం లేదు. సంబల్ అనే కారం చట్నీలో రొయ్యల ముద్ద కలుపుతారు, చూస్తే మాత్రం మన ఎర్రకారం లాగే ఉంటుంది. ఒక చోట "వెజ్ వెజ్" అని నాసి లెమాక్, అంటే టెంకాయ పాలతో వండిన అన్నం, పొట్లం ఇస్తే విప్పి చూసినాం, చెనిక్కాయల మధ్యలో ఎండు నెత్తళ్ళు కళ్ళు తెరుచుకోని చూస్తున్నాయి, డబ్బులు కూడా వాపసు ఇవ్వలేదు. ప్యాకెట్ మీద ఉదాంగ్ అంటే రొయ్య, ఇకాన్ అంటే చేప, ఆయామ్ అంటే కోడి, దాగింగ్ అంటే మాంసం, ఎక్కువగా బీఫే. కరీపాప్ కొనేటప్పుడు ఇది తప్పకుండా అడగండి, ఉర్లగడ్డ ఒక్కటే పెట్టినవి కూడా ఉంటాయి, అవి మన కర్రీపఫ్ కంటే గట్టిగా, మసాలా బాగా పట్టి ఉంటాయి.

దురియాన్ అనే ఘాటు వాసన పండు నాకు నచ్చలేదు, పండు తప్పు కాదు, నా ముక్కు తప్పు. చాలా హోటళ్ళల్లో దాన్ని లోపలికి తేవద్దని బొమ్మేసి బోర్డు పెట్టుంటారు, గమనించండి.

ఇంటికి తెచ్చుకోవాలంటే కుయ్ లు పనికిరావు, సాయంత్రానికే టెంకాయ పులుస్తుంది. కర్రపెండలం చిప్స్, గులా మెలాకా అచ్చులు తెచ్చుకోండి, ఎయిర్‌పోర్టులో కాదు, మామూలు సూపర్‌మార్కెట్‌లో కొనండి, రేటు శానా తేడా. ఆ బెల్లంతో సేమియా పాయసం చేస్తే కాస్త కాల్చిన వాసనతో భలే ఉంటుంది, పాలు మాత్రం దించినాకే కలపండి, విరిగిపోకుండా. బ్రెడ్డుకు పూసుకునే కాయా జామ్ సీసాలో కోడిగుడ్డు ఉంటుంది, అది తింటామనేవాళ్ళు చెక్ఇన్ లగేజీలోనే వేయండి, చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ వాళ్ళు తీసి పక్కన పెట్టేస్తారు.