చిన్నపిల్లలున్న ఇంటికి ‘సహజ కిట్’ కొనేముందు ఇది చదవండి (తిరుపతి వాళ్లు ముఖ్యంగా)

తిరుపతిలో, చుట్టుపక్కల ఉన్న అమ్మానాన్నలందరికీ చెప్తున్నాను. ‘పసిపిల్లల ఇంటికి నూరు శాతం సహజమైన కిట్’ అని ఒక అట్టపెట్టెను ఎగ్జిబిషన్ స్టాళ్లలోనూ, అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ అమ్ముతున్నారు. నేను కొన్నాను. డబ్బు పోయిన సంగతి అలా ఉంచండి, ఆ పెట్టెలో ఉన్నవాటిలో రెండు పసిపిల్లల ప్రాణం మీదికి తెచ్చేవి. ఇలాంటి పెట్టెలు అమ్మేవాళ్లు ఒక్కరే కాదు, పేర్లు కూడా మారుస్తూ ఉంటారు. అందుకే అమ్మినవాళ్ల పేరు రాయకుండా సరుకు గురించి వివరంగా రాస్తున్నాను. చూడగానే మీరు గుర్తుపట్టగలగాలి.

కిట్ ధర 1,499 రూపాయలు. అందులో నేల తుడవడానికి ‘వేప–నిమ్మ’ ద్రవం, బట్టలకు ‘కుంకుడు జెల్’, దోమలకు ఒక నూనె, బీరువాలో పెట్టుకోవడానికి తెల్లటి ‘కర్పూరం ఉండలు’, పాపకు నలుగుపిండి ఉన్నాయి. వాటితోపాటు ‘అమ్మలకు సింపుల్ చిట్కాలు’ అని ఒక కరపత్రం. మా పాప ఇంకా పాకుతోంది. బాబుకు నాలుగేళ్లు, కనిపించిన మూత తీయకుండా ఉండడు. ఇలాంటి ఇంట్లో ఫినాయిల్ వాసన లేకుండా నేల శుభ్రంగా ఉండాలని ఎవరికైనా అనిపిస్తుంది కదా. ఆ కోరిక మీదే వాళ్ల వ్యాపారం నడుస్తోంది.

ముందు నేల ద్రవం గురించి. వాడటం మొదలుపెట్టిన కొన్నాళ్లకే పాప మోకాళ్ల మీద, అరచేతుల్లో, మోచేతుల దగ్గర ఎర్రటి దద్దుర్లు లేచాయి. పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే చూడగానే, నేలకు ఆనే చోటే వచ్చాయి, ఇంట్లో దేంతో తుడుస్తున్నారని అడిగింది. సీసా చూపించాను. దాని మీద వేపాకుల బొమ్మ, నవ్వుతున్న పాప బొమ్మ తప్ప ఇంకేమీ లేదు. ఏం కలిపారో రాయనప్పుడు దేనివల్ల వచ్చిందని చెప్పమంటారు, ముందు ఇది ఆపండి అంది. ఆపేసి మామూలు నీళ్లతో తుడిచాం, దద్దుర్లు తగ్గాయి. ఆ ద్రవమే కారణమని ఏ పరీక్షా చేయించలేదు కాబట్టి అంతకుమించి నేను అనను. కానీ డాక్టరు అడిగిన మామూలు ప్రశ్నకు ఆ సీసా దగ్గర జవాబు లేకపోవడం మాత్రం నన్ను భయపెట్టింది.

అప్పుడు మిగతావి ఒక్కొక్కటే బయటపెట్టి చూశాను.

కుంకుడు జెల్ సంగతి మన ఇళ్లలో తలంటుకున్న ఎవరికైనా తెలిసిపోతుంది. కుంకుడుకాయ రసం పల్చగా, లేత గోధుమ రంగులో ఉంటుంది. బయట పెడితే ఈ ఎండలకు రెండు మూడు రోజుల్లో పులిసిన వాసన వస్తుంది. ఈ జెల్ చిక్కగా, పచ్చగా, మల్లెపూల వాసనతో ఉంది. పైగా ‘ప్రిజర్వేటివ్ లేదు, ఏడాది నిల్వ ఉంటుంది’ అని స్టాల్‌లో చెప్పారు. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి పొసగవు. నీళ్లు కలిసిన ఏ కషాయమైనా, ఏ రసమైనా నిల్వ మందు లేకపోతే చెడిపోతుంది, బూజు పడుతుంది. ఏడాది నిల్వ ఉందంటే అందులో ఏదో ఉంది, వాళ్లు చెప్పడం లేదు. ప్రిజర్వేటివ్ ఉండటం తప్పని నేననడం లేదు. ఉన్నదాన్ని లేదని పసిపిల్లల తల్లికి చెప్పడమే తప్పు. మీరు స్టాల్ దగ్గర నిలబడినప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: ఇది ఎన్నాళ్లకు చెడిపోతుంది?

ఇక బీరువా ఉండలు. కర్పూరం అన్నారు, వాసన మాత్రం పాత ట్రంకుపెట్టె తెరిచినట్టు ఉంది. ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది, పిల్లలకు దూరంగా చేయండి. గ్లాసు నీళ్లలో ఒక ఉండ వేయండి. కర్పూరం నీటికన్నా కొంచెం తేలిక, పైన తేలుతుంది. కలరా ఉండల్లో ఉండే నాఫ్తలీన్ నీటికన్నా బరువు, మునిగిపోతుంది. ఆ నీళ్లలోనే ఉప్పు ఇక కరగదు అన్నంతవరకూ కలిపితే నాఫ్తలీన్ పైకి లేస్తుంది. నేను వేసిన ఉండ మామూలు నీళ్లలో అడుగుకు పోయింది, ఉప్పునీళ్లలో తేలింది. అంటే మనం చిన్నప్పటి నుంచీ చూస్తున్న కలరా ఉండలే, కొత్త పేరుతో.

ఇది చిన్న విషయం కాదు. జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉన్న పిల్లలకు నాఫ్తలీన్ ఒంట్లోకి చేరితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. రక్తం పడిపోతుంది, కామెర్లు వస్తాయి, మూత్రం ముదురు రంగులోకి మారుతుంది. నోట్లో పెట్టుకుంటేనే ప్రమాదం అనుకోకండి. ఆ ఉండల మధ్య దాచిన బట్టలు, దుప్పట్లు నేరుగా తీసి చుట్టడం వల్ల జబ్బుపడిన పసికందులు ఉన్నారు. ఆ లోపం ఉన్నట్టు చాలా ఇళ్లలో ముందుగా తెలియను కూడా తెలియదు. పైగా తెల్లగా, గుండ్రంగా ఉంటాయి, మా బాబు వాటిని పిప్పరమెంట్లు అనుకుని చెయ్యి చాపాడు.

దోమల నూనె ఇంకో భయం. వేపనూనెలో కర్పూరం కరిగించాం, మిషన్ రీఫిల్‌లో పోసుకోవచ్చు, పాప కాళ్లకు కూడా రాయొచ్చు అన్నారు. కర్పూరం మన పూజగదిలో రోజూ ఉండేదే కాబట్టి దాన్ని చూసి భయపడం. కానీ పసిపిల్లల కడుపులోకి కొంచెం వెళ్లినా కొద్దిసేపట్లోనే ఫిట్స్ రావచ్చు. చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. అమెరికాలో 1980లలోనే పైపూత మందుల్లో కర్పూరం 11 శాతానికి మించకూడదని పరిమితి పెట్టారు. ఈ సీసాలో ఎంత శాతం ఉందో అడిగితే ‘సరిపడా వేస్తాం అక్కా’ అన్నారు. వేపనూనె కూడా పసిపిల్లలు మింగితే విషమే, మెదడు, కాలేయం దెబ్బతిన్న సందర్భాలున్నాయి. ఈ సీసా మూత పిల్లలు తీయలేని, నొక్కి తిప్పే రకం కూడా కాదు, వేలితో ఎగరగొడితే వచ్చేస్తుంది.

పొరపాటున ఏ పిల్లయినా ఇలాంటివి మింగితే వేలు పెట్టి కక్కించే ప్రయత్నం చేయకండి. ఉప్పునీళ్లు, పాలు పట్టకండి. సీసానో, మిగిలిన ఉండనో చేతిలో పెట్టుకుని వెంటనే తిరుపతి రుయా ఆసుపత్రి అత్యవసర విభాగానికో, దగ్గరలోని పిల్లల ఆసుపత్రికో వెళ్లండి, లేదంటే 108కి ఫోన్ చేయండి. ఢిల్లీ ఎయిమ్స్‌లో జాతీయ విష సమాచార కేంద్రం ఉంది, టోల్ ఫ్రీ నంబరు 1800 116 117. ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించుకోండి.

ఆ కరపత్రం మాత్రం చదివి ఊరుకోలేకపోయాను. బాత్రూమ్ మరకలకు బ్లీచింగ్ పౌడర్, వెనిగర్ కలిపి చల్లమని రాశారు. అలా చేస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. కిటికీ కూడా సరిగా లేని అపార్ట్‌మెంట్ బాత్రూమ్‌లో, పక్కనే పాప ఉండగా ఎవరైనా ఇది చేస్తే ఏమవుతుంది? బ్లీచింగ్‌లో వెనిగర్ గానీ నిమ్మరసం గానీ బాత్రూమ్ యాసిడ్ గానీ ఎప్పుడూ కలపకూడదు. ఇంకో చిట్కా, వంటగట్టు బండను నిమ్మచెక్కతో రుద్దమని. మన వైపు చాలా ఇళ్లలో గట్టుకీ, అలమరల అరలకీ కడప బండే. అది సున్నపురాయి జాతి, పులుపు తగిలితే మెరుపు పోయి తెల్లటి మచ్చలు పడతాయి. వంటసోడా, వెనిగర్ కలిపి సీసాలో నిల్వ చేసుకోమని కూడా ఉంది. ఆ రెండూ కలిస్తే బుసబుస పొంగి ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి, సీసాలో మిగిలేది దాదాపు ఉప్పు కలిసిన నీళ్లే. మూత బిగిస్తే లోపలి గ్యాస్‌కి సీసా పేలినా పేలుతుంది.

నలుగుపిండి గురించి ఎక్కువ చెప్పను. రంగు మరీ పసుపుగా ఉంది. ఒక చెంచా గ్లాసు నీళ్లలో వేస్తే పిండి అడుగుకు చేరినా పైనీళ్లు ముదురు పసుపుగానే ఉండిపోయాయి. పసుపులో రంగు కలిపారేమో చూడటానికి ఆహార భద్రతా సంస్థ చెప్పే పరీక్ష ఇలాంటిదే. అసలు పసుపైతే నీళ్లు లేత పసుపుగా ఉంటాయి. పిండికి ఇది పక్కా రుజువు కాదని తెలుసు, అయినా పాప ఒంటికి మాత్రం రాయలేదు.

అమ్మిన అమ్మాయికి ఫోన్ చేస్తే మొదట మర్యాదగానే మాట్లాడింది. “లేబుల్ వేస్తే ఫ్యాక్టరీ సరుకైపోతుంది అక్కా, మాది ఇంట్లో చేసింది” అంది. ఉండలు నాఫ్తలీన్ అని చెప్పగానే, మేం వేరేవాళ్ల దగ్గర తెస్తాం అంది. సహజ వస్తువులకు రిటర్న్ ఉండదంది. డబ్బులు వెనక్కి ఇమ్మన్న తర్వాత నా నంబరు బ్లాక్ అయింది, ఆ వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేశారు.

ఇంట్లో చేసిందైనా ప్యాకెట్ కట్టి అమ్మితే చట్టం వర్తిస్తుంది. తయారుచేసినవాళ్ల పేరు, అడ్రసు, ఎంత పరిమాణం, తయారైన నెల, సంవత్సరం, ఎమ్మార్పీ, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలి. ఒంటికి రాసేదైతే లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, ఏమేం కలిపారన్న జాబితా కూడా ఉండాలి. దోమల్ని తరిమే మందుకు పురుగుమందుల చట్టం, 1968 కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ నంబరు డబ్బా మీద కనిపించాలి. ‘సహజం’, ‘ఆర్గానిక్’ అని ఊరికే రాసుకోకూడదు, ఆధారం చూపాలని 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. నిజాయితీగా చేసే ఆడవాళ్లు మన చుట్టూ ఎందరో ఉన్నారు. డ్వాక్రా అక్కలు అమ్మే సున్నిపిండి ప్యాకెట్ మీద కూడా ఊరు, పేరు, ఫోన్ నంబరు చూశాను. వాళ్లకు సాధ్యమైనప్పుడు 1,499 రూపాయలు తీసుకునేవాళ్లకు ఎందుకు సాధ్యం కాదు?

ఇప్పుడు మా ఇంట్లో ఏం వాడుతున్నామో కూడా చెప్తాను, ఎందుకంటే ఈ కిట్‌లో సగం వస్తువులు అసలు అక్కర్లేదు. పచారీ కొట్లో కుంకుడుకాయలు విడిగా దొరుకుతాయి. గింజ తీసి రాత్రి నానబెట్టి, పొద్దున ఉడికించి, పిసికి వడగట్టుకుంటే పిల్లల బట్టలకు సరిపోతుంది. మన బోరు నీళ్లకు సబ్బు తెట్టు కడుతుంది, కుంకుడుకు ఆ బాధ లేదు. ఫ్రిజ్‌లో పెట్టి వారంలోపు వాడేయాలి, కళ్లల్లో పడితే మండుతుంది కాబట్టి పిల్లలకు అందకూడదు. కూల్‌డ్రింక్ సీసాల్లో మాత్రం ఏదీ పోసి పెట్టకండి, పిల్లలు తాగేస్తారు.

నేలకు వేడినీళ్లు, తడిగుడ్డ చాలు. జిడ్డుంటే కాస్త సబ్బునీళ్లు, ఆ తర్వాత మళ్లీ మంచినీళ్లతో ఒకసారి. ఇల్లంతా వాసన రావాలన్న పట్టింపు పాప నడిచేదాకా పక్కన పెట్టాం. దోమలకు దోమతెర. కూలర్‌లో, పూలకుండీల కింది పళ్లెంలో నీళ్లు నిలవకుండా చూస్తే దోమలు పుట్టే చోటే తగ్గుతుంది. బీరువాలో నీడన ఎండిన వేపాకు గుడ్డసంచిలో కట్టి పెట్టాం, మా అత్తమ్మ బియ్యం డబ్బాలో కూడా అదే వేస్తుంది. నలుగుకు పెసలు కడిగి ఆరబెట్టి మరలో పట్టించాం. పాప మూత్రం దుప్పట్లు ఉతికి మిద్దె మీద వేస్తే మన తిరుపతి ఎండే వాసన లాగేస్తుంది.

డబ్బుల కోసం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. కొన్న వస్తువు విలువ ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, మనం ఉండే చోటే వేయొచ్చు, రెండేళ్ల లోపు వేయాలి. మీరూ కొని ఉంటే యూపీఐ రసీదు, చాట్ స్క్రీన్‌షాట్లు, పెట్టె, సీసాల ఫోటోలు దాచుకోండి, వాళ్లు చాట్ చెరిపేయకముందే.

ఫిర్యాదు సంగతి రేపైనా చూసుకోవచ్చు. ఆ తెల్ల ఉండలు మీ బీరువాలో ఉంటే ఇవాళే తీసి కవర్‌లో మూట కట్టి పిల్లలకు అందని చోట పెట్టండి. వాటి మధ్య ఉన్న పిల్లల బట్టలన్నీ ఉతికి, వాసన పోయేదాకా ఎండలో ఆరేసి, ఆ తర్వాతే తొడగండి.