గిల్లడమా, వంచడమా?

కుండీలో చామంతి ఒకే కాడగా నిటారుగా పెరుగుతుంటే చూడ్డానికి బాగానే ఉంటుంది. పూలు మాత్రం పైన కొసనే నాలుగు పూస్తాయి. మొక్క గుబురుగా, నిండా మొగ్గలతో ఉండాలంటే దారులు రెండు: కొస చిగురు గిల్లేయడం, లేదా కొమ్మను వంచి కట్టడం.

రెండింటి గుట్టూ ఒకటే. కొస చిగురులో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కాడ గుండా కిందికి దిగుతూ, ఆకుల మొదట్లో ఉన్న పక్క చిగుళ్లను లేవనివ్వదు. 1930ల్లో థిమన్, స్కూగ్ అనే శాస్త్రవేత్తలు చిక్కుడు జాతి మొక్క కొస కోసేసి, ఆ మోడు మీద ఆక్సిన్ పెట్టి చూశారు. కొస లేకపోయినా పక్క చిగుళ్లు కదల్లేదు. ఇంటి పెద్ద గదిలో ఉన్నంతసేపూ పిల్లలు కిక్కురుమనరే, అలాగన్నమాట.

గిల్లడం తేలిక. మొక్క జానెడు ఎత్తు కాగానే కొసన ఉన్న లేత చిగురును గోళ్లతో తుంచేస్తే చాలు. కొన్నాళ్లకు కింది ఆకుల పంగల్లోంచి రెండు మూడు కొమ్మలు లేస్తాయి. అవి కాస్త సాగాక వాటినీ గిల్లొచ్చు. కాకపోతే గిల్లిన ప్రతిసారీ పూత వెనక్కి పోతుంది. చామంతి రాత్రులు పొడవయ్యాక మొగ్గ తొడుగుతుంది కాబట్టి, అప్పటికి గిల్లడం ఆపేయాలి. ఆ తర్వాత గిల్లితే చేతులారా మొగ్గల్ని పారేసుకున్నట్టే.

వంచితే ఒక్క ఆకూ పోదు, గాయమూ ఉండదు. కాడ పడుకోగానే కొస ఎత్తు తగ్గి, పక్క చిగుళ్లకు వెలుగు తగులుతుంది, వాటి మీద అదుపూ సడలుతుంది. మర్నాటికే కొస మళ్లీ పైకి తిరిగి ఉంటుంది, అది చూసి కట్టు ఊడిందేమో అనుకోకండి. తంటా అంతా వంచడంలోనే. ఒకసారి పొద్దున్నే నీళ్లు పోసి, వెంటనే వంచబోయాను. టప్‌మని సగానికి చీలింది. నీరు నిండిన కాడ బిగుసుకుని ఉంటుందని అప్పుడు తెలిసింది. ఒక పక్క తొక్క ఇంకా అంటుకునే ఉంది కదా అని టేపు చుట్టాను, బతికింది. ఇప్పుడు సాయంత్రం, కుండీ కొంచెం ఆరాకే ముట్టుకుంటున్నాను. కట్టడానికి తీగ వాడితే కోసుకుపోతుంది, పాత గుడ్డ పేలిక మేలు. కాడ లావెక్కుతుంది కాబట్టి వారం పది రోజులకోసారి వదులు చేయాలి.

నా ఓటు? చామంతి, బంతి, డాలియాలకు గిల్లడమే. వీటి కాడలు పుటుక్కున విరుగుతాయి, గిల్లితే మాత్రం చక్కగా కోలుకుంటాయి. పాకే గులాబీకి మాత్రం వంచడానికి పోటీ లేదు. పొడవాటి కొమ్మను నిలువుగా వదిలేస్తే పూలన్నీ పైనే. అదే అడ్డంగా కడితే కణుపు కణుపుకీ చిన్న కొమ్మ లేచి, దాని కొసన పువ్వు. అలాంటి కొమ్మ కొసను గిల్లాలంటే నాకు చేతులు రావు.

పూత దగ్గరపడ్డాక గుర్తొచ్చిందా? అప్పుడు ఏ మొక్కనైనా గిల్లకండి, వంగినంత వంచండి. ఒంటి తల పొద్దుతిరుగుడు జోలికి మాత్రం అసలు వెళ్లొద్దు. దానికున్నది ఒకటే పువ్వు, అది ఆ కొసలోనే ఉంది.