రైజెన్ 7 5700ఎక్స్3డీనా, ఆర్‌టీఎక్స్ 4060నా? పాత పీసీకి ముందు ఏది వేయాలి

రైజెన్ 5 3600 ప్రాసెసర్, జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు, బీ450 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్. 2019-20లో గేమింగ్ కోసం కట్టించుకున్న చాలా పీసీల్లో ఉన్నవి ఇవే. ప్రాసెసర్‌ను 5700ఎక్స్3డీకి, కార్డును 4060కి ఒకేసారి మార్చే డబ్బు లేనప్పుడు ఏది ముందు అన్నది మీరు ఆడే గేమ్‌ను బట్టే తేలుతుంది.

కొనేముందే తేల్చుకోవచ్చు. ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌తో జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) వాడకం తెర మీద కనిపించేలా పెట్టి, రోజూ ఆడే గేమ్‌నే అరగంట ఆడండి. ఫ్రేమ్‌ల వేగానికి హద్దు పెట్టే వీసింక్, ఫ్రేమ్ లిమిట్ ఆపేయాలి, లేకపోతే ఆ అంకెను నమ్మలేం. వాడకం 95 శాతం పైనే నిలిస్తే కార్డు తన శక్తంతా పెడుతోంది; ప్రాసెసర్ మార్చినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. 60-70 దగ్గర ఊగుతుంటే కార్డుకు ప్రాసెసర్ పని అందించలేకపోతోంది. ఇక్కడే చాలామంది పొరబడతారు: ‘సీపీయూ 40 శాతమే కదా’ అంటారు. 3600కున్న 12 థ్రెడ్లలో (ఒకేసారి నడిచే పనుల వరుసలు) ఒక్కటి పూర్తిగా నిండినా మొత్తం లెక్కలో అది 8 శాతమే. గేమ్ ఆగేది ఆ ఒక్కదాని దగ్గరే. అనుమానం తీరకపోతే 1080పీ నుంచి 720పీకి దించండి. అయినా ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేమ్‌లు) పెరగలేదంటే లోపం ప్రాసెసర్ వైపే.

ఒక్క 16 జీబీ ర్యామ్ స్టిక్ మీదే నడుస్తుంటే ముందు దాని సంగతి చూడండి. రెండు 8 జీబీలు రెండో, నాలుగో స్లాట్లలో వేసి, బయాస్‌లో (బోర్డు సెట్టింగ్స్) ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయండి. 3200 ర్యామ్‌కు ఆ వేగం సాధారణంగా అలాగే వస్తుంది.

సైబర్‌పంక్ 2077 లాంటి భారీ గేమ్‌లు, 60 లేదా 75 హెర్ట్జ్ మానిటర్ అయితే 4060 తీసుకోండి. 1660 సూపర్ 125 వాట్లు, ఇది 115 వాట్లే. ఒక్క 8 పిన్ వైరు చాలు. మంచి కంపెనీ 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) ఉంటే మార్చక్కర్లేదు. లోటల్లా 8 జీబీ మెమరీ. 2021లో వచ్చిన 3060కే 12 జీబీ ఇచ్చి, 2023 కార్డుకు తగ్గించడం అన్యాయమే. పైగా బోర్డుతో డేటా మార్చుకునే పీసీఐఈ దారిలో ఇది 8 లేన్లే వాడే 4.0 కార్డు. బీ450లో పీసీఐఈ 3.0 మాత్రమే కాబట్టి ఆ దారి వేగం సగానికి పడిపోతుంది. మామూలుగా పెద్ద తేడా తెలియదు. టెక్స్చర్లు (గేమ్‌లో వస్తువుల మీద పరిచే బొమ్మలు) 8 జీబీ దాటాయా, గేమ్ కుదుపులు మొదలవుతాయి. టెక్స్చర్ ఒక మెట్టు తగ్గిస్తే సర్దుకుంటుంది.

వాలరెంట్, సీఎస్2 (కౌంటర్ స్ట్రైక్ 2) ఆడుతూ 144 హెర్ట్జ్ మానిటర్ ఉన్నవాళ్లకు 5700ఎక్స్3డీనే సరైనది. దీని గరిష్ఠ వేగం 4.1 గిగాహెర్ట్జ్, 3600ది 4.2. అయినా ఇదే ముందుంటుంది, కారణం 96 ఎంబీ ఎల్3 క్యాష్, అంటే ప్రాసెసర్‌లోనే ఉండే వేగవంతమైన మెమరీ. 3600లో ఉన్న 32 ఎంబీ కూడా రెండు 16 ఎంబీ ముక్కలుగా విడిపోయి ఉంటుంది. సగటు ఎఫ్‌పీఎస్ కన్నా, స్మోకుల (పొగ గ్రెనేడ్లు) మధ్య ఫైట్‌లో ఫ్రేమ్‌లు పడిపోకపోవడమే దీని అసలు లాభం. బడ్జెట్ అందకపోతే రైజెన్ 5 5600 కూడా మంచి మార్పే. అందులో 32 ఎంబీ ఆరు కోర్లకూ ఉమ్మడి.

బిగించేటప్పుడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. పాత ప్రాసెసర్ ఉండగానే బయాస్ అప్‌డేట్ చేయాలి. డ్రైవ్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ ముందే రాసిపెట్టుకోండి. ప్రాసెసర్ మారితే అందులోని భద్రతా భాగమైన ఎఫ్‌టీపీఎం మారి విండోస్ ఆ కీ అడగొచ్చు. కూలర్ తీసేముందు పది నిమిషాలు గేమ్ నడిపి, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య ఉండే పేస్టు వేడెక్కనివ్వండి. తర్వాత పవర్ తీసేసి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి లేపాలి. చల్లగా ఉన్నప్పుడు నిటారుగా లాగితే లాక్ వేసి ఉన్నా ప్రాసెసర్ దాంతోపాటే ఊడొచ్చి పిన్నులు వంగొచ్చు. 5700ఎక్స్3డీ డబ్బాలో కూలర్ రాదు. 3600తో వచ్చిన చిన్నది దీని వేడికి సరిపోదు, టవర్ కూలర్ ఖర్చు కూడా కలుపుకోండి. బయాస్ అప్‌డేట్‌తో సాధారణంగా ఎక్స్‌ఎంపీ ఆఫ్ అవుతుంది, మళ్లీ ఆన్ చేయాలి.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, బిల్లు మీద సీరియల్ నంబరు వేయించుకోండి. వారంటీకి వెళ్లినప్పుడు అదే అడుగుతారు.