లిఫ్ట్ చేసిన ట్రక్కుకి అలైన్‌మెంటా? డబ్బు కట్టేముందు కాస్టర్ గడి చూడండి

ట్రక్కుకి లిఫ్ట్ కిట్ (బండి ఎత్తు పెంచే సామాను) వేయించి అలైన్‌మెంట్‌కి, అంటే చక్రాల కోణాలు సరిచేయించడానికి, తీసుకెళ్ళబోతున్నవాళ్ళు ఒక్క ఐదు నిమిషాలు ఆగి ఇది చదవండి. కొత్తగా కొన్న ముందు టైర్లు రెండూ 6000 కిలోమీటర్లు తిరక్కుండానే పోయాయి నాకు. అది ఒక ఎత్తు. అన్నాళ్ళూ ఆ బండిలోనే పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీద తిరిగానే, అది ఇంకో ఎత్తు. తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

నేను వేయించింది 3 అంగుళాల సస్పెన్షన్ లిఫ్ట్, దానికి తగ్గట్టు పెద్ద టైర్లు. బిగించినవాళ్ళు "వెంటనే అలైన్‌మెంట్ చేయించండి" అన్నారు, మర్నాడే వెళ్ళాను. బండిని ర్యాంపు ఎక్కించారు, చక్రాలకి సెన్సర్లు తగిలించారు, అరగంటలో కిందకి దించేశారు. స్క్రీన్ చూపించి "అన్నీ గ్రీన్‌లోకి తెచ్చేశాం సార్, ఇంక చూసుకోనక్కర్లేదు" అన్నాడు మెకానిక్. ప్రింటు అడిగితే ప్రింటర్ పనిచేయట్లేదన్నాడు. ఎందుకైనా మంచిదని ఫోన్లో ఆ స్క్రీన్ ఫొటో తీసుకున్నాను. అందులో పచ్చగా ఉన్నవి టో అంకెలు మాత్రమే. పైనుంచి చూస్తే చక్రాల ముందువైపు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉందో చెప్పేది టో. బండిని తిన్నగా నడిపించే కోణం కాస్టర్ (వివరం కింద చెప్తాను), దాని గడిలో అసలు అంకే లేదు. ఆ ఖాళీ గడికి అర్థమేమిటో ఆ రోజు నాకు తెలియదు.

దారిలోనే తేడా తెలిసింది. వేగం 80 దాటితే బండి ఒక గీత మీద నిలవదు. ఎడమకి జరుగుతుంది, సర్దితే కుడికి పోతుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది మధ్యకి రాదు, చేత్తో లాక్కోవాలి. పక్కనుంచి లారీ దాటిందంటే రెండు చేతులా గట్టిగా పట్టుకోవాల్సిందే. మళ్ళీ వెళ్ళి అడిగితే, "లిఫ్ట్ చేసిన బండంటే అంతే సార్, పెద్ద టైర్లు కదా, పోను పోను అలవాటైపోతుంది" అన్నారు. దయచేసి ఈ మాట ఎవరన్నా నమ్మకండి. సరిగ్గా సెట్ చేసిన లిఫ్ట్ బండి హైవే మీద తిన్నగా పోతుంది. నాదే ఇప్పుడు పోతోంది.

టైర్ల సంగతి బండి కడుగుతుంటే బయటపడింది. ముందు టైరు మీద అరచెయ్యి పెట్టి లోపలినుంచి బయటికి రాస్తే నున్నగా జారింది, బయటినుంచి లోపలికి రాస్తే రంపం పళ్ళలా గీరుకుంది. ఎదురుగా నిలబడి చూస్తే ఏమీ కనిపించదు, చెయ్యి పెడితేనే తెలుస్తుంది. అలా గీరుకుంటోందంటే టో తప్పిందని, టైరు దొర్లుతూ పక్కకి కూడా ఈడ్చుకుపోతోందని లెక్క. మీ బండికి ఈ రోజే ఒకసారి చెయ్యి పెట్టి చూడండి.

ఇక రెండో వర్క్‌షాపు. అక్కడి పెద్దాయన సెన్సర్ల జోలికి వెళ్ళకముందే నాలుగు చక్రాల్లో గాలి సరిచేశాడు. చక్రం మధ్యనుంచి ఫెండర్ అంచు దాకా టేపు పెట్టి రెండువైపులా ఎత్తు కొలిచాడు. ముందు చక్రాలు పట్టుకుని ఊపి బాల్ జాయింట్లూ టై రాడ్లూ వదులయ్యాయేమో చూశాడు. తర్వాత టార్చి పట్టుకుని నన్ను కిందకి రమ్మన్నాడు. చక్రాన్ని ఫ్రేముకి కలిపే కింది చేతుల్లాంటి లోయర్ ఆర్మ్‌ల దగ్గర, క్యాంబర్ (ఎదురుగా చూస్తే చక్రం పైభాగం లోపలికో బయటికో వాలే కోణం), కాస్టర్ సర్దే క్యామ్ బోల్టుల మీద లిఫ్ట్ బిగించినవాళ్ళు పెట్టిన పసుపు పెయింటు గుర్తు చెక్కుచెదరకుండా ఉంది. అంటే మొదటి షాపువాళ్ళు వాటి మీద పానా కూడా పెట్టలేదు. కుడివైపు టై రాడ్ లాక్ నట్ దగ్గరికొచ్చి, "మీరే తిప్పి చూడండి" అన్నాడు. వేళ్ళతో తిరిగింది! టో సర్దినవాళ్ళు ఆ నట్‌ని బిగించకుండా వదిలేశారు. అందుకే సెట్ చేసిన టో కొన్ని రోజులకే తప్పిపోయి టైరుని కోసేసింది. చక్రాన్ని తిప్పే కడ్డీకి కాపలా ఉండే నట్ అది, ఇంకా వదులైతే ఏమయ్యేదో మీరే ఆలోచించండి.

స్టీరింగ్ తేలిపోవడానికి కారణం మాత్రం కాస్టరే. సైకిలు ముందు ఫోర్కు నిటారుగా ఉండదు కదా, పైభాగం సీటు వైపు వాలి ఉంటుంది. చక్రం తిన్నగా పోవడానికీ, తిప్పి వదిలితే మధ్యకి రావడానికీ అలాంటి వాలే ట్రక్కు ముందు చక్రాలకీ కావాలి. దాన్నే కాస్టర్ అంటారు. సస్పెన్షన్ ఎత్తు పెంచితే చాలా ట్రక్కుల్లో ఈ వాలు తగ్గిపోతుంది. (ఫ్రేము మీదనుంచి బాడీని మాత్రమే పైకి లేపే బాడీ లిఫ్ట్‌కి ఈ గొడవ లేదు, అక్కడ సస్పెన్షన్ కోణాలు మారవు.) ముందు సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే ఇరుసు) ఉన్న బండికీ ఇదే బాధ, ఆర్మ్‌ల కోణం మారి యాక్సిల్ మొత్తం కాస్త తిరుగుతుంది. పైగా యాక్సిల్‌ని ఫ్రేముకి అడ్డంగా కలిపే ట్రాక్ బార్ వల్ల పక్కకి కూడా జరుగుతుంది.

అన్నిటికన్నా నన్ను మండించింది ఇంకోటుంది. కాస్టర్ కొలవాలంటే మెషిన్ మీద ఉండగా ముందు చక్రాల్ని ఎడమకీ కుడికీ కొన్ని డిగ్రీలు తిప్పి తీరాలి. అలా తిప్పినప్పుడు క్యాంబర్ ఎంత మారిందో చూసే మెషిన్ కాస్టర్ లెక్కగడుతుంది. మొదటి షాపులో ఎవరూ స్టీరింగ్ తిప్పనే లేదు, నేను పక్కనే నిలబడి చూస్తూనే ఉన్నాను. గడి ఎందుకు ఖాళీగా ఉందో అప్పుడు అర్థమైంది. కొలవలేదు కాబట్టి.

కొలిచాక ఎడమ 1.1, కుడి 1.4 డిగ్రీలు వచ్చింది. నా బండికి కంపెనీ చెప్పే అంకె 3 దగ్గర. క్యామ్ బోల్టులు చివరిదాకా తిప్పినా 2 దాటలేదు. ఎత్తు పెంచిన బండి కోసం చేసిన అప్పర్ ఆర్మ్‌లు వేస్తేనే 3.5కి వచ్చింది. కిట్ అమ్మినవాణ్ణి కొనేముందే అడిగాను, ఆర్మ్‌లు మార్చాలా అని. అక్కర్లేదన్నాడు. మీరు కిట్ కొనేటప్పుడు "ఇంత ఎత్తుకి కాస్టర్ ఎంత దొరుకుతుంది?" అని సూటిగా అడగండి. జవాబు నసిగితే అక్కడ కొనకండి.

షాపుకి వెళ్ళాక ముందు ఒకటే అడగండి: "లిఫ్ట్ చేసిన బండి, క్యాంబర్, కాస్టర్ కూడా సర్దుతారా, టో ఒక్కటేనా?" టో ఒక్కటే అంటే దండం పెట్టి వచ్చేయండి. చేస్తామంటే, చేసేముందు అంకెలూ చేశాక అంకెలూ రెండూ ఉన్న కాగితం చేతికొచ్చాకే డబ్బు కట్టండి. ప్రింటర్ పాడైందంటే బాగయ్యాకే వస్తానని చెప్పండి. కాస్టర్, క్యాంబర్ సర్దితే టో మారిపోతుంది కాబట్టి టోని ఆఖర్న సెట్ చేయాలి, ఆ వరస తప్పుతుంటే అక్కడే ఆపండి. రోజూ టూల్‌బాక్సు లాంటి బరువు మోసే బండైతే అది దించకుండానే తీసుకెళ్ళండి. లాక్ నట్లు బిగించారో లేదో చూపించమనడానికి మొహమాటపడకండి. స్టీరింగ్ సెన్సర్ ఉన్న బండైతే దాన్ని కూడా సున్నాకి తేవాలి, లేకపోతే బండి జారకుండా చూసే వ్యవస్థ తాలూకు స్టెబిలిటీ లైటు వెలిగి కూర్చోవచ్చు.

ఆ ఫొటో తీసుకుని మొదటి షాపుకి వెళ్ళాను. టో మళ్ళీ ఉచితంగా సెట్ చేస్తామన్నారు. వద్దన్నాను. గట్టిగా అడిగితే అలైన్‌మెంట్ డబ్బు తిరిగిచ్చారు, టైర్ల మాట ఎత్తితే మాత్రం చేతులెత్తేశారు. కొత్త టైర్లు వేశాను. స్ప్రింగులు కాస్త కుదురుకున్నాక ఎత్తు మారుతుందని, 1000 కిలోమీటర్లు తిరిగాక బోల్టులు మళ్ళీ బిగించి అంకెలు ఇంకోసారి చూద్దామని రెండో వర్క్‌షాపు పెద్దాయన చెప్పాడు. ఇంకో 150 ఉన్నాయి, వచ్చే వారం బండి మళ్ళీ ర్యాంపు ఎక్కుతుంది.